ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా? ముందు మీకు సరిపోయే పుస్తకం పట్టుకోండి

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేనూ వదిలేశాను. పేరున్న పుస్తకం కదా అని తెచ్చుకున్నా. మొదట్లోనే లెక్కలు ఎదురయ్యేసరికి "ఇది నా బుర్రకి ఎక్కదులే" అని పక్కన పడేశా. తప్పు బుర్రది కాదు, పుస్తకం ఎంచుకోవడంలో ఉందని తర్వాత తెలిసింది.

ముందు అసలు విషయం ఏంటో చూద్దాం. ఒకే ఇన్‌పుట్ ఇస్తే ఫంక్షన్ ఎన్నిసార్లైనా ఒకే జవాబు ఇవ్వాలి. బయట ఉన్న డేటాని మార్చకూడదు. క్లాసు మార్కుల లిస్ట్ ఉందనుకోండి. పాసైనవాళ్లు కావాలంటే అందులోంచి ఫెయిలైనవాళ్లని తీసేయం. పాత లిస్ట్‌ని అలాగే ఉంచి కొత్తది తయారుచేస్తాం. పాతది ఎవరూ ముట్టుకోరు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం తేలిక. ఈ అలవాటు మనకి పట్టించేదే మంచి పుస్తకం.

మరి ఎవరికి ఏది?

జావాస్క్రిప్ట్ కొంచెం వస్తే, ఎరిక్ నార్మండ్ రాసిన 'గ్రోకింగ్ సింప్లిసిటీ' తీసుకోండి. 2021లో వచ్చింది. షాపింగ్ కార్ట్ లాంటి మామూలు ఉదాహరణలతోనే నడుస్తుంది.

ప్రోగ్రామింగే కొత్తైతే 'హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్' మంచిది. ఆన్‌లైన్‌లో ఉచితం. ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంది.

హాస్కెల్ మీద మనసుంటే 'లెర్న్ యూ ఎ హాస్కెల్' సరదాగా, బొమ్మలతో ఉంటుంది. అదీ ఉచితమే. కానీ అందులో అభ్యాసాలు లేవు. చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడదు. అందుకే గ్రాహం హటన్ 'ప్రోగ్రామింగ్ ఇన్ హాస్కెల్' పక్కన పెట్టుకోండి. అధ్యాయాల చివర అభ్యాసాలుంటాయి.

ఇక ఎమ్‌ఐటీ నుంచి వచ్చిన 'స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్'. గొప్ప పుస్తకమే, సందేహం లేదు. కానీ లెక్కలంటే భయం ఉంటే మొదటి పుస్తకంగా వద్దు, రెండోదిగా చదవండి.

చివరిగా ఒక్క మాట. కొనేముందు ఉచితంగా దొరికే ఒక అధ్యాయం చదవండి. అందులో కోడ్ కాపీ కొట్టకుండా మీ చేత్తో టైప్ చేయండి. తర్వాత పుస్తకం మూసేసి మళ్లీ రాయండి. సగమైనా వస్తే ఆ పుస్తకం మీదే. అస్సలు రాకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, పుస్తకం మార్చండి. మళ్లీ కలుద్దాం.