‘2 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు’ అని చూపే యాప్ మీ ఇంటిని పట్టిస్తుందా?

స్నేహాలు, పెళ్లి సంబంధాలు, సెకండ్ హ్యాండ్ సామాన్లు, వ్యాయామం.. ఇలా చాలా యాప్‌లలో ఇప్పుడు ‘దగ్గర్లో ఉన్నవారు’ అనే విభాగం ఉంటోంది. పేరు పక్కన ‘2 కి.మీ.’ అని మాత్రమే కనిపిస్తుంది. చిరునామా లేదు కదా, ఇబ్బందేముందని చాలామంది అనుకుంటారు. కానీ యాప్‌ను జాగ్రత్తగా తయారుచేయకపోతే ఆ దూరమే చిరునామా అవుతుంది.

అదెలాగో హైదరాబాద్ మ్యాప్‌పై చూద్దాం. మీరు అమీర్‌పేట నుంచి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్నారని ఒకరికి తెలిసింది. అమీర్‌పేట చుట్టూ అంత దూరంతో ఒక వృత్తం గీస్తే, మీరు ఆ గీతపై ఎక్కడో ఉన్నట్టు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి మీ దూరం 4 కిలోమీటర్లని తేలితే ఇంకో వృత్తం. రెండూ కలిసేది రెండు చోట్లే. ట్యాంక్‌బండ్ నుంచి కూడా దూరం తెలిస్తే ఆ రెండింటిలో ఒకటే మిగులుతుంది. ఇందుకోసం వెంటాడే వ్యక్తి మూడు చోట్లకూ తిరగక్కర్లేదు. తన ఫోన్‌లో తప్పుడు లొకేషన్ పెట్టుకుని, ఇంట్లో కూర్చునే మూడు దూరాలూ చూసుకోగలడు.

ఇది ఊహ కాదు. డేటింగ్ యాప్ టిండర్‌లో సరిగ్గా ఈ లోపం ఉందని ఇంక్లూడ్ సెక్యూరిటీ అనే భద్రతా సంస్థ 2014 ఫిబ్రవరిలో వెల్లడించింది. తెరపై కనిపించేది పూర్ణాంకమే. కానీ వెనుక సర్వర్ పంపుతున్న దూరంలో దశాంశ స్థానాలు బోలెడు ఉండేవి. కంపెనీ అప్పటికే లోపాన్ని సరిచేసింది.

మరి దూరాన్ని గుండ్రంగా మార్చి పంపితే సరిపోతుందా? చాలామంది డెవలపర్లు ఇక్కడే ఆగిపోతారు. అది సగం పనే. తప్పుడు లొకేషన్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పోతే ‘1 కి.మీ.’ కాస్తా ‘2 కి.మీ.’గా మారే చోటు ఒకటి దొరుకుతుంది. ఆ హద్దు దగ్గర అసలు దూరం కచ్చితంగా తెలిసిపోతుంది. అలాంటి హద్దులు మూడు దొరికితే చాలు. అడిగిన ప్రతిసారీ లొకేషన్‌ను కాస్త అటూ ఇటూ మార్చి చూపినా లాభం లేదు. వందసార్లు అడిగి సగటు తీస్తే అసలు చోటు తేలుతుంది.

మెరుగైన పద్ధతి వేరే ఉంది. నగరాన్ని గళ్లుగా విభజించి, ముందుగా మనిషిని తానున్న గడి మధ్యలో ఉన్నట్టు లెక్కవేయాలి. దూరం కొలవడం ఆ తర్వాతే. అప్పుడు ఎన్ని వృత్తాలు గీసినా దొరికేది గడి మాత్రమే, గడప కాదు. అయితే కూకట్‌పల్లిలో వేల ఇళ్లు పట్టే గడిలో ఊరి చివర పొలాల మధ్య ఒక్క ఇల్లే ఉండొచ్చు. అందుకే జనం పలచగా ఉన్నచోట గడి పెద్దదిగా ఉండాలి.

అసలు కచ్చితమైన లొకేషన్ అడగకపోతే ఈ తంటాలే ఉండవు. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలుంది. ఆండ్రాయిడ్‌లో అది దాదాపు 3 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. దగ్గర్లోని మనుషుల్ని చూపడానికి ఇది చాలు. అయినా కచ్చితంగా కావాలని పట్టుబట్టే యాప్‌ను అనుమానించాల్సిందే. 112కు ఫోన్ చేసినప్పుడు, ప్రయాణంలో ఉన్నవారిని తెలంగాణ పోలీసులు కనిపెట్టుకుని ఉండే టీ-సేఫ్ వాడేటప్పుడు మాత్రం సంగతి వేరు. అక్కడ మీటర్లూ ముఖ్యమే.

చట్టం ఏమంటోంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, చెప్పిన పనికి అవసరమైన డేటాకే మీ సమ్మతి వర్తిస్తుంది. సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీలపై ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. అందాకా ఫోన్ సెట్టింగ్సే మీకు అండ.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌, లొకేషన్‌, యాప్ పర్మిషన్స్‌లోకి వెళ్లండి. ‘ఎప్పుడూ అనుమతించు’ అని ఉన్న సోషల్ యాప్‌లను ‘వాడుతున్నప్పుడు మాత్రమే’కు మార్చండి. ప్రిసైజ్ లొకేషన్ ఆపేయండి. స్నాప్‌చాట్ వాడేవారు స్నాప్ మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్ పెట్టుకోవచ్చు. ఇంటికి బయల్దేరామని అమ్మకో, స్నేహితురాలికో తెలియాలంటే వాట్సాప్ లైవ్ లొకేషన్ నయం. ఎవరికి, ఎంతసేపు అన్నది మీరే నిర్ణయిస్తారు: 15 నిమిషాలు, గంట లేదా 8 గంటలు.

వద్దనుకున్న యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన సర్వర్‌లో మీ ఖాతా పోదు. ముందు ఖాతాను డిలీట్ చేయండి, అన్‌ఇన్‌స్టాల్ ఆ తర్వాత.