కానుగ నూనె నుంచి కరెంటు బస్సు వరకు: ఉత్తర తెలంగాణలో ప్రత్యామ్నాయ వాహన ఇంధనాలు

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికి హనుమాన్ జయంతి సందర్భంగా దీక్షాపరులు వేల సంఖ్యలో తరలివస్తారన్నది విదితమే. కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి వచ్చే బస్సులు, జీపులు, ఆటోలలో అధిక భాగం నేటికీ డీజిలుపైనే ఆధారపడి నడుస్తున్నాయి. గుట్ట ఎక్కే దారిలో ఇంజనుపై భారం పెరుగుతుంది, పొగ పెరుగుతుంది. డీజిలుకు బదులుగా ఏ ఇంధనం వాడవచ్చునన్న చర్చకు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఇరవై ఐదేళ్ల చరిత్ర ఉంది. ఆ చర్చ ఏ ప్రయోగశాలలోనో గాక గిరిజన గూడేలలో మొదలుకావడం విశేషం.

ఈ ప్రాంత రైతులకు కానుగ కొత్త చెట్టు కాదు. దాని రొట్టను వరి మడిలో తొక్కించడం, పుల్లతో పళ్లు తోముకోవడం, నూనెను దీపానికి, చర్మవ్యాధులకు వాడడం తరతరాలుగా వస్తున్నదే. పశువులు ఆకు ముట్టవు గనుక కంచె లేకున్నా మొక్క బతుకుతుంది. వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే గుణం దీనికి ఉంది. గింజలో సుమారు 30 శాతం నూనె ఉంటుంది. గ్రామస్థాయి ఎక్స్‌పెల్లర్‌లో ఆడిస్తే దాదాపు నాలుగు కిలోల గింజకు ఒక లీటరు నూనె లభిస్తుంది. మిగిలిన చెక్క పొలానికి మంచి ఎరువు. ఆ నూనె తినడానికి పనికిరాదు గనుక దానిని ఇంధనానికి మళ్లించినంత మాత్రాన ఎవరి వంటింటికీ లోటు రాదు.

2001లో ఆదిలాబాద్ జిల్లా చల్పాడి గ్రామంలో కానుగ నూనెతో జనరేటర్ నడిపి ఇళ్లకు విద్యుత్ వెలుగు అందించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్య ఉడిపి శ్రీనివాస కృషి దీనికి ప్రేరణ. అనంతరం జైనూర్ మండలంలోని పవర్‌గూడలో ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో మహిళా స్వయం సహాయక సంఘాలు నూనె మిల్లును నిర్వహించాయి. 2016 జిల్లాల పునర్విభజన తరువాత ఈ మండలం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది.

పవర్‌గూడ పేరు దేశవిదేశాలలో వినిపించడానికి కారణం 2003 అక్టోబరులో జరిగిన ఒక చిన్న లావాదేవీ. డీజిలుకు బదులు కానుగ నూనె వాడడం వలన పదేళ్లలో తగ్గగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశం వల్ల వెలువడిన కాలుష్యానికి పరిహారంగా ఈ సొమ్ము ఇచ్చారు. మహిళలు దానిని కానుగ నర్సరీకి వినియోగించారు.

అప్పటి పత్రికలు దీనిని ఘనవిజయంగా ప్రచురించాయి. ఆ ప్రశంస తగినదే అయినా లెక్క కూడా చూడవలసి ఉంది. నాటి మారకం విలువ ప్రకారం ఆ సొమ్ము సుమారు 29 వేల రూపాయలు. ఒక లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే 147 టన్నులు దాదాపు 54 వేల లీటర్ల డీజిలుకు సమానం. లీటరుకు పల్లెకు దక్కినది 54 పైసలు మాత్రమే. గింజ ఏరిన కూలి, మిల్లు ఖర్చు గిట్టుబాటు కావాలంటే నూనెకే తగిన ధర రావాలి తప్ప, వాతావరణ పరిరక్షణ పేరిట వచ్చే సొమ్ము ఒక్కటే చాలదని ఈ లెక్క స్పష్టం చేస్తున్నది.

ఇక నూనెను ఇంధనంగా మార్చే విధానం. కూరగింజల నూనెతో ఇంజను నడపడం కొత్త ఆలోచన కాదు. 1900 పారిస్ ప్రదర్శనలోనే వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజనును నడిపి చూపారు. అయితే ముడి నూనె చిక్కదనం డీజిలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. నెమ్మదిగా తిరిగే పాత తరహా పంపుసెట్టు ఇంజన్లు దానిని కొంతవరకు భరిస్తాయి. నేటి వాహనాల సన్నని ఇంజెక్టర్లు భరించలేవు, మసి పేరుకుంటుంది. అందువలన నూనెను వేడిచేసి, కాస్టిక్ సోడా కలిపిన మిథనాల్‌తో చర్య జరిపిస్తారు. గ్లిజరిన్ అడుగుకు చేరుతుంది. పైన తేలిన ద్రవాన్ని కడిగి, తడి లేకుండా ఆరబెడితే బయోడీజిల్ సిద్ధమవుతుంది. కానుగ నూనెలో ఒక చిక్కు ఉంది. గింజ నిల్వ సరిగా లేకపోతే నూనెలో ఆమ్లాలు పెరుగుతాయి. అప్పుడు కాస్టిక్ సోడా కలిపితే ఇంధనానికి బదులు సబ్బు తయారవుతుంది. ముందుగా ఆమ్లాన్ని తగ్గించే మరొక దశ అవసరమవుతుంది.

చెప్పుకోవడానికి తేలికగా ఉన్నా, ఇది ఇంటి పెరట్లో చేయదగిన పని కాదు. మిథనాల్ విషపదార్థం. దాని ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ప్రమాదమే. అది మండుతున్నప్పుడు పగటి వెలుగులో మంట కంటికి సరిగా కనిపించదు. పైగా అమ్మకానికి ఉద్దేశించిన బయోడీజిల్ భారతీయ ప్రమాణం ఐఎస్ 15607కు లోబడి ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2019 ఏప్రిల్‌లో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం డీజిలులో కలపడానికి మాత్రమే దీనిని విక్రయించవలసి ఉంటుంది. బయోడీజిల్ పేరిట కల్తీ ద్రవాలు అమ్మేవారిని పట్టుకోవడానికి అధికారులకు ఈ ప్రమాణమే ఆధారం.

కాలుష్యం సంగతి ఏమిటి? అమెరికా పర్యావరణ సంస్థ 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం డీజిలులో 20 శాతం బయోడీజిల్ కలిపితే మసి రేణువులు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం తగ్గాయి. నత్రజని ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. కనుక బయోడీజిల్ బొత్తిగా కాలుష్యరహితమని వ్రాయడం సరికాదు.

దేశస్థాయిలో ఆశలు పెద్దవిగానే ఉండేవి. 2002 డిసెంబరు 31న ఢిల్లీ, అమృత్‌సర్ మధ్య శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను 5 శాతం బయోడీజిల్‌తో నడిపి చూశారు. 2005 అక్టోబరులో ప్రకటించిన కొనుగోలు విధానం కింద లీటరుకు రూ.26.50 వరకు ధర నిర్ణయించారు. ఉత్పత్తి వ్యయం అంతకన్నా ఎక్కువ కావడంతో అమ్మేవారు ముందుకు రాలేదు. 2009 జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టుకోగా, 2018 విధానం బయోడీజిల్ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి కుదించింది. బంజరులో నీరు లేకుండా విరగకాస్తుందని చెప్పిన అడవి ఆముదం నీరు లేనిచోట కాయనే లేదు. కానుగ మాట తప్పలేదు గాని, కాపుకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అంతకాలం ఆదాయం లేకుండా ఆగగల చిన్న రైతు అరుదు.

ఈలోగా చర్చ ఇథనాల్ వైపు మళ్లింది. 2025లో దేశవ్యాప్తంగా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ మిశ్రమం సాధ్యమైంది. టన్ను మొక్కజొన్న నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తుందని అంచనా. మొక్కజొన్న పండించే ఈ జిల్లాల రైతుకు ఇది మరొక కొనుగోలుదారు లభించినట్లే. అయితే ఫ్యాక్టరీ పక్క ఊరి వారి ఆందోళన వేరు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ పరిశ్రమ వల్ల నీరు, గాలి కలుషితమవుతాయంటూ గ్రామస్థులు 2024 నవంబరు 26న జాతీయ రహదారిని దిగ్బంధించగా, మరునాడు పనుల నిలిపివేతకు ఆదేశాలు వెలువడ్డాయి. నగరంలో పొగ తగ్గించే ఇంధనం పల్లెలో ఎవరి బావిని ఆనుకొని తయారవుతున్నదన్న ప్రశ్నకు అనుమతులకు ముందే సమాధానం చెప్పవలసి ఉంటుంది.

మూడవ మార్గం విద్యుత్ వాహనాలు. 2024 సెప్టెంబరులో కరీంనగర్‌లో ఎలక్ట్రిక్ బస్సులు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది నవంబరు 18 నుంచి రాష్ట్రంలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు అమలులోకి వచ్చింది. ఘాట్ దారులకు ఈ వాహనాలలో ఒక అనుకూలత ఉంది: దిగేటప్పుడు బ్రేకుల వద్ద వృథా అయ్యే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. బస్సు వద్ద పొగ ఉండదు. కాని ఆ విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తున్నది. ఇదే ప్రాంతంలోని రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం అందుకు నిదర్శనం. అక్కడి జలాశయంపై 2022 జూలై నాటికి పూర్తిస్థాయిలో పనిచేయసాగిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం మార్పునకు ఆరంభం మాత్రమే.

ఖర్చు తక్కువ ముడిసరుకు ఒకటి కొండగట్టు దిగువన మిర్చి బండ్ల వద్దే ఉంది. టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన వంటనూనెను తిరిగి వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. అటువంటి నూనెతో తయారైన బయోడీజిల్ కొనుగోలుకు చమురు సంస్థలు 2019 ఆగస్టులో తొలి ఏడాదికి లీటరు రూ.51 చొప్పున ప్రకటించాయి. జాతరల వేళ ఒకేచోట పోగుపడే ఈ నూనెను సేకరిస్తే భక్తుల ఆరోగ్యానికీ మేలే. మరిగిన నూనె మళ్లీ బాణలిలోకి వెళ్లకుండా ఉండాలంటే హోటల్ యజమానికి దానిపై ఎంతో కొంత గిట్టాలి.

కానుగ కాయలు ప్రధానంగా వేసవిలో, పొలం పనులు తక్కువగా ఉన్న రోజులలో ఏరుతారు. ఏజెన్సీ గ్రామాలలో ఆ గింజను తూకం ప్రకారం, ముందే ప్రకటించిన ధరకు కొనే ఏర్పాటు ఉన్నచోట మిల్లు నడుస్తుంది. లేనిచోట గింజ చెట్టు కిందే ఉండిపోతుంది.