పండ్రెండు వోల్టులు అయిదుగా మారు విధము

1984 నవంబరులో శ్రీహరికోట దాపున తుపాను తీరము దాటినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము చేరకమునుపే ఈ దక్షిణ తీరమును వానలతో ముంచెత్తినది. పులికాటు సరస్సునకు చేరువనున్న దొరవారిసత్రము వంటి గ్రామములలో తుపాను వచ్చిన రాత్రి తరచుగా కరెంటు లేని రాత్రియే. అప్పుడు ఇంటిలో మిగులునది ఒక బ్యాటరీ. అది ఇచ్చునది 12 వోల్టులు. ఛార్జి చేసికొను చిన్న రేడియోకును, సెల్‌ఫోనుకును కావలసినది 5 వోల్టులు. ఈ దింపుటలో ఎంత శక్తి వ్యర్థమగునో, దానినిబట్టి తెల్లవారుజామున హెచ్చరిక మనకు వినబడుటయో, వినబడకుండుటయో తేలును.

దింపుటకు పాత పద్ధతి యొకటి గలదు. అందులో అదనముగా నున్న 7 వోల్టులు వేడిగా మారిపోవును. ఒక ఆంపియరు ప్రవాహమునకు 5 వాట్లు మనకు ఉపయోగపడగా, 7 వాట్లు గాలిలో కలియును. పండ్రెండు కుంచముల ధాన్యము బండి కెత్తుకొని, ఏడు కుంచములు దారిలో ఒలుకబోసికొనినట్లుండును ఈ వ్యవహారము. 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఈ విధముగా లెక్క ప్రకారము 7 గంటలు మాత్రమే వచ్చును.

కొత్త పద్ధతిలో వోల్టేజిని కరిగించుట లేదు. ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చి బ్యాటరీని సెకనుకు లక్షలసార్లు కలిపి విడదీయుచుండును. సెకనుకు 5 లక్షలసార్లు అనుకొందము. ఒక్కొక్క ఆవృత్తమునకు 2 మైక్రోసెకనులు. అందు సుమారు 0.83 మైక్రోసెకను కలిపి, తక్కిన కాలము విడదీసినచో, సగటున వచ్చునది 5 వోల్టులే. అయితే, ఈ తునకల కరెంటును రేడియో భరింపలేదు. అందుచే నడుమ ఒక తీగచుట్టను, చివర ఒక కెపాసిటరును ఉంచెదరు. కుమ్మరి కర్రతో సారెను అప్పుడప్పుడు మాత్రమే త్రిప్పును. సారె మాత్రము ఆగక తిరుగుచునే యుండును. తీగచుట్టయు అట్టిదే. స్విచ్చి విడిపోయినను, అది తనలో దాచుకొన్న శక్తితో ప్రవాహమును ఆగనీయదు. మిగిలిన హెచ్చుతగ్గులను కెపాసిటరు సరిచేయును.

స్విచ్చి విడిపోయినపుడు ఆ ప్రవాహము తిరిగి వచ్చుటకు వేరొక దారి కావలెను. మొదట ఆ దారిలో డయోడు నుంచెడివారు. అది సుమారు అర వోల్టును తానే మ్రింగును. దానికి బదులు రెండవ స్విచ్చి నుంచినచో నష్టము వోల్టులో కొన్ని నూరవ వంతులకు తగ్గును. మొదటిది కలిసినపుడు రెండవది విడివడి, మొదటిది విడివడినపుడు రెండవది కలిసి, రెండును తాళము తప్పక నడచుటచేత దీనికి సింక్రొనస్ కన్వర్టరని పేరు. రెండును ఒక్కసారి కలిసినచో బ్యాటరీ షార్టగును. కావున, రైలుగేటు మూయనిదే సిగ్నలు ఈయనట్లు, ఒకటి పూర్తిగా విడిన పిదపనే రెండవది కలియును. ఈ నడిమి విరామము సెకనులో కోటివ వంతుకంటెను తక్కువ.

ఈ రెండు స్విచ్చులును, వానిని నడుపు యంత్రాంగమును నేడు మిరియపు గింజంత చిప్పులో ఇమిడియున్నవి. బయట ఉండవలసినవి ముఖ్యముగా తీగచుట్టయు, కెపాసిటర్లును. చిప్పు తన ఫలితమును తానే కనిపెట్టుచుండును. బ్యాటరీ నీరసించి 11 వోల్టులకు దిగినను, కలిపియుంచు కాలమును కొంచెము పెంచి 5 వోల్టులను నిలుపును. నూటికి 90 వంతులు ఫలించు కన్వర్టరు, పైన చెప్పిన పనికే బ్యాటరీనుండి 0.46 ఆంపియరు మాత్రమే తీసికొనును. 7 గంటల బ్యాటరీ లెక్కకు 15 గంటలు వచ్చును. బ్యాటరీ పాతదైనచో కొంత తగ్గును.

రేడియో గల ఇంటివారు ఎరుగవలసిన చిక్కు ఒకటున్నది. 5 లక్షలసార్లనగా 500 కిలోహెర్ట్జులు. దాని రెట్టింపు 1000, మూడు రెట్లు 1500. ఈ రెండును సుమారు 530 నుండి 1600 కిలోహెర్ట్జుల వరకుండు మీడియం వేవ్‌లోనే పడును. చవకరకపు కన్వర్టరు ప్రక్కనున్నచో సెట్టులో బుస వినబడుట ఇందువలననే. సెట్టును దూరముగా జరుపుడు. ప్రక్కకు త్రిప్పి, బుస తగ్గు దిక్కున నిలుపుడు. తీగలు పొట్టివిగా నుంచుడు. అప్పటికిని తగ్గనిచో, ముందే ఛార్జి చేసియుంచి, హెచ్చరిక వినునంతసేపు కన్వర్టరును ఆపుడు.

కొనునపుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఫోను తగిలించి పది నిముషముల పిదప కన్వర్టరుపై చేయి వేసి చూడుడు. గోరువెచ్చగా నున్న మేలు. చేయి నిలుపలేనంత వేడెక్కినచో, తుపాను రాత్రి మీకు అక్కరకు రావలసిన శక్తి ఆ వేడిగానే పోవుచున్నదని తెలిసికొనుడు.