ఇంటికి ప్రింటరు అవసరమా?

ఒక వస్తువు మంచిదా కాదా యని విచారించుటకు ముందు, అది మన యింటికి తగినదా కాదా యని విచారించుట వివేకము. పిల్లల చదువు నిమిత్తము ఇంటిలో ప్రింటరు ఉండవలెనా యని కొందఱు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. నెలకు ఐదో పదో పుటలు మాత్రమే అచ్చు వేసికొను కుటుంబములను దృష్టియందుంచుకొని ఈ విషయమును వివరింపదలచితిమి.

మన రాజపాళయమునకు చేరువ నున్న శివకాశి అచ్చు పరిశ్రమకు పేరు పొందినది. వేల ప్రతులు కావలసినచో అచటి ఆఫ్‌సెట్ యంత్రములే తగినవి. గాని ఒక బాలునకు రెండు పుటలు కావలసినప్పుడు అవి అక్కఱకు రావు. ఆ రెండు పుటల అవసరమో, మన యిండ్లలో తఱచు కలుగుచునే యున్నది. ఇంట తెలుగును, వీథిలో తమిళమును పలుకు మన పిల్లలకు, తమిళ పుస్తకము దొరకినంత సులభముగా తెలుగు పుస్తకము బజారులో దొరకదు. కందుకూరి వీరేశలింగము (1848–1919), గురజాడ అప్పారావు (1862–1915) మొదలగు వారి రచనలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితముగా లభించుచున్నవి. అందొక భాగమును పెద్ద అక్షరములతో కాగితముపై అచ్చు వేసి యిచ్చినచో, బాలుడు వ్రేలు పెట్టి చదువుకొనును. తెలియని మాట క్రింద పెన్సిలుతో గీత గీసికొనును.

ఇచట అక్షరస్పష్టత మిక్కిలి ముఖ్యము. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒకే అక్షరము. తెలుగులోనైతే ద–ధ, డ–ఢ, ప–ఫ జంటలను వేఱుపఱచునది అడుగున నుండు చిన్న గీత. తమిళ లిపికి అలవాటుపడిన కన్ను తడబడునది ఈ గీత యొద్దనే. అచ్చులో అది చెరిగిపోయినచో ‘ధనము’ ‘దనము’గా కనబడును. కావున మనకు కావలసినది రంగుల సొంపు గాదు; నల్లని, తీరైన అక్షరము.

ఇంటి ప్రింటరులు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది ఇంకుజెట్టు. ఇది వెండ్రుక కంటె సన్నని రంధ్రముల గుండ ద్రవరూపమైన సిరాను కాగితముపై చిమ్మును. రంగుల పటములకు, ఛాయాచిత్రములకు ఇది బాగుగ నుండును. గాని వారముల తరబడి వాడక యుంచినచో ఆ రంధ్రములలో సిరా ఎండి గడ్డకట్టును. అచ్చులో తెల్లని చారలు పడును. వానిని శుభ్రపఱచుకొనుటకు యంత్రము మఱికొంత సిరాను వ్యయము చేయును. అనగా ఒక్క పుటయైన అచ్చు వేయకయే సిరా తఱుగుచుండును. యంత్రము చౌకగా దొరకినను, చిన్న కార్ట్రిడ్జీలను మాటిమాటికి కొనవలసివచ్చును. పావలా కోడికి ముప్పావలా మసాలా యన్న సామెత దీనికి చక్కగా అన్వయించును. సీసాలతో సిరా నింపుకొను ట్యాంకు రకములో పుట ఒక్కింటికి ఖర్చు చాల తక్కువ. గాని అదియు ద్రవపు సిరాయే కనుక, తఱచుగా వాడువారికే లాభకరము.

రెండవది లేజరు ప్రింటరు. 1938లో అమెరికా దేశమున చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టిన విధానము దీనికిని, జిరాక్సు యంత్రమునకును మూలము. విద్యుదావేశము గల డ్రమ్ముపై వెలుతురు అక్షరముల రూపము నేర్పఱచును. టోనరు అను మెత్తని పొడి ఆ రూపమున కంటుకొని కాగితముపైకి చేరును. పిదప వేడికి కరగి గట్టిగా పట్టుకొనును. పొడి యెండునది కాదు గనుక, నెలల తరబడి ఊరకున్నను యంత్రము పనిచేయును. తడి తగిలినను అక్షరములు అలుకుకొనవు. అరుదుగా వాడు ఇంటికి నలుపు–తెలుపు లేజరు ప్రింటరు తగినదని మా అభిప్రాయము. అయితే కాగితమును వేడి చేయునప్పుడు ఇది విద్యుత్తును హెచ్చుగా తీసికొనును. కరెంటు పోయినపుడు ఇంటిలోని చిన్న ఇన్వర్టరుతో దీనిని నడపరాదు.

ఇక లెక్క చూతము. యంత్రము వెల 12,000 రూపాయలు అనుకొందము. నెలకు 10 పుటల చొప్పున ఏడాదికి 120 పుటలగును. జిరాక్సు దుకాణమున పుటకు 3 రూపాయలు తీసికొన్నచో ఏడాదికి 360 రూపాయలు. కాగితము, టోనరు ఖర్చు కలుపకయే, యంత్రపు వెల తీరుటకు 33 ఏండ్లు పట్టును! కావున డబ్బు మిగులునని ఎవరును ప్రింటరు కొనరాదు. దుకాణము దూరమైనపుడు, రాత్రివేళ అవసరము తఱచు కలుగునపుడు, సౌకర్యమునకై కొనవచ్చును. ఒకే వీథిలోని బంధువులు నాలుగైదు కుటుంబములవారు కలిసి ఒక లేజరు యంత్రమును ఉంచుకొనుట ఇంకను మేలు.

దుకాణమునకు పోవువారు ఒక జాగ్రత్త వహింపవలెను. అచటి కంప్యూటరులో తెలుగు ఫాంటు లేనిచో, వత్తులు విడిపోయి అక్షరములు తాఱుమాఱగును. ఒక్కొక్కప్పుడు వట్టి గడులే కనబడును. ఇంటియొద్దనే పాఠమును పిడిఎఫ్ రూపమునకు మార్చి తీసికొనిపోయినచో అక్షరములు సాధారణముగా చెదరవు. చిన్న పిల్లలకైతే అక్షరము 16 పాయింట్లకు తగ్గకుండుట మంచిది.

తల్లిదండ్రులారా! యంత్రము ఇంట నున్నదా, దుకాణమున నున్నదా యన్నది ప్రధానము గాదు. వారమున కొక్క తెలుగు పుటయైనను మీ బిడ్డ చేతికి అందుచున్నదా యన్నదే ప్రధానము. విద్యార్థులారా! ఆ పుటను చదివి పాఱవేయక, వరుసగా దారముతో కుట్టి దాచుకొనుడు. ఏడాది గడచునప్పటికి ఏబదికి పైగా పుటలు గల సొంత తెలుగు పుస్తకము మీకు సిద్ధమగును.