తుపాకీ కన్నా ముందు తాళం కొనండి

బంగారం కోసం భారతీయుల ఇళ్లనే వెతికి మరీ దొంగలు పడ్డారన్న వార్త వచ్చిన ప్రతిసారీ, అమెరికాలోని మనవాళ్ల మధ్య ‘మనమూ ఒక పిస్టల్ కొనుక్కుంటేనో?’ అన్న మాట వినిపిస్తుంది. పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉంటే చట్టం కాదనదు. కొనుక్కోవడం మీద నాకు పేచీ లేదు. కొన్నాక ఎక్కడ పెడతారన్నదే నా బెంగ.

తలగడ కిందో, మంచం పక్క సొరుగులోనో, పట్టుచీరల వెనకో పెట్టి ‘పిల్లలకు తెలియదులే’ అనుకుంటారు. బీరువా తాళంచెవి అమ్మ ఎక్కడ దాస్తుందో కనిపెట్టని పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారు? పైగా ఇండియా నుంచి అమ్మమ్మో నాన్నమ్మో వచ్చి ఆర్నెల్లు ఉంటారు. చెబితే కంగారుపడతారని వాళ్లకు చెప్పం. కళ్లజోడు కోసం ఆవిడ సొరుగు లాగితే, పక్కనే మూడేళ్ల మనవడు ఉంటాడు. తూటాలు నింపి, తాళం వేయని తుపాకీ ఉన్న ఇళ్లలో సుమారు 46 లక్షల మంది పిల్లలు పెరుగుతున్నారని అక్కడి పరిశోధకుల అంచనా.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబరు 30న పదిహేనేళ్ల కుర్రాడు నలుగురు తోటి విద్యార్థులను కాల్చి చంపాడు. ఆ పిస్టల్‌ను తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. 2024లో కోర్టు తల్లిదండ్రులిద్దరికీ పదేళ్లకు తగ్గకుండా జైలుశిక్ష వేసింది. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి, పిల్లలు మసలే ఇంట్లో తుపాకీకి తాళం వేయడం ఆ రాష్ట్రంలో తప్పనిసరైంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. తూటాలు తీసేసిన తుపాకీని సేఫ్‌లో పెట్టి తాళం వేయాలి. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. లైసెన్సున్న డీలరు పిస్టల్ అమ్మితే తాళమో, అలాంటి భద్రతా పరికరమో ఇవ్వాలని 2005 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. చాలామందికి అందేది కేబుల్ లాక్. అది డబ్బాలోనే ఉండిపోతే ఏం లాభం?

తాళం తర్వాత శిక్షణ. యూట్యూబ్ చాలదు, రేంజ్‌లో శిక్షకుడి పక్కన నిలబడి నేర్చుకోవాలి. కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది మ్యాగజైన్. అది బయటికి తీస్తే తుపాకీ ఖాళీ అయిందనుకుంటారు. కానీ ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉండొచ్చు. గ్లాక్ లాంటి పిస్టళ్లను శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఆ మిగిలిన తూటా పేలేది అప్పుడే. అందుకే మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడే విప్పాలి. శుభ్రం చేసే గదిలో తూటాలే ఉండకూడదు. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి తెలంగాణ విద్యార్థి చనిపోయిన వార్త మనం చదివిందే.

ఎఫ్1, హెచ్1బీ వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, వాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం.

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మార్కులు తగ్గి, స్నేహం చెడి, గదిలోంచి బయటికి రాని పిల్లవాడు ఇంట్లో ఉంటే తాళాన్ని కూడా నమ్మకండి. వాడు తేరుకునేదాకా తుపాకీని ఇల్లు దాటించండి. కొన్నిచోట్ల తుపాకీ దుకాణాలు, పోలీసు స్టేషన్లు తాత్కాలికంగా దాచిపెడతాయి. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లవాడి విషయంలో సాయానికి 988 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది.