పిండితో చేసే స్టీలు

పళ్లు ఎత్తుగా ఉన్న పిల్లలకు డాక్టరు క్లిప్పులు వేయడం మీరు చూసే ఉంటారు. ఒక్కో పంటికి ఒక చిన్న స్టీలు బిళ్ల అంటిస్తారు. ఆ బిళ్లకు సన్నని గాడి ఉంటుంది. గాడిలో తీగ కూర్చుంటుంది.

ఇంత చిన్న బిళ్లను ఎలా చేస్తారు? గిన్నెల్లాగా రేకును నొక్కి చేయడం కష్టం. అందుకే చాలా బిళ్లలను స్టీలు పిండితో చేస్తారు!

అవును, పిండే. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. దానిలో మైనం, ప్లాస్టిక్ కలిపి వేడి చేస్తారు. ముద్ద అవుతుంది. జంతికల గొట్టంలో పిండి ఒత్తినట్టు ఆ ముద్దను అచ్చులోకి ఒత్తుతారు. చల్లారాక బిళ్ల బయటికి వస్తుంది. అప్పటికి అది గట్టిది కాదు. వేళ్లతో విరిచేయొచ్చు. తరువాత మైనం, ప్లాస్టిక్ తీసేస్తారు. చివరికి కొలిమిలో కాలుస్తారు. అక్కడ వేడి సుమారు 1300 డిగ్రీలు. మన ఎసరు 100 డిగ్రీలకే మరుగుతుంది. అంత వేడిలోనూ స్టీలు కరిగి నీరు కాదు. రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

పచ్చి కుండ కాలితే చిన్నదవుతుంది కదా! ఇదీ అంతే. 10 మిల్లీమీటర్ల వస్తువు కావాలంటే అచ్చు సుమారు 12 మిల్లీమీటర్లు ఉండాలి. బాగా కాలితే నూటికి 95 పాళ్లకు పైగా నిండు లోహమే. మిగిలినవి కంటికి కనపడని రంధ్రాలు.

మరి నోట్లో ఎప్పుడూ తడే. తుప్పు పట్టదా? స్టీలులో క్రోమియం అనే లోహం ఉంటుంది. నూటికి 10.5 పాళ్లన్నా ఉండాలి. గాలి తగిలితే అది పైన పలచని పొర కడుతుంది. గీత పడినా పొర మళ్లీ వస్తుంది. అయితే మైనం సరిగా పోకపోతే లోపల కర్బనం, అంటే బొగ్గు, మిగులుతుంది. అది క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. పొర సరిగా కట్టదు. అప్పుడు స్టీలైనా తుప్పు పడుతుంది. నాణ్యత చాలావరకు కొలిమి దగ్గరే తేలిపోతుంది.

అయస్కాంతం అంటుకుంటే దొంగ స్టీలు అంటారు కొందరు. అది నిజం కాదు. అంటుకునే మంచి రకాలూ ఉన్నాయి.

ఇంకొక సంగతి. ఈ బిళ్లల స్టీలులో నికెల్ కూడా ఉంటుంది. అది కొందరి ఒంటికి పడదు. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి దురద పెట్టి రసి కారుతుందా? ఆ పిల్లకు క్లిప్పులు వేయించే ముందు ఆ మాట డాక్టరుకు చెప్పండి. పింగాణీ బిళ్లలు, టైటానియం బిళ్లలు కూడా ఉన్నాయి.