చెమట పట్టని పసివారు.. మూలం గర్భంలోనే

ఎండలు ముదిరితే కొందరు పసిపిల్లలకు ఒళ్లు కాలిపోతుంది. చెమట చుక్క కనిపించదు. జ్వరం మందు వేసినా వేడి తగ్గదు. జుట్టు పలచగా ఉంటుంది. పళ్లు ఆలస్యంగా, మొనదేలి వస్తాయి. అరుదైన ఈ జన్యులోపాన్ని హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. జుట్టు, పళ్లు, చెమట మూడూ ఒకేసారి దెబ్బతినడానికి కారణం గర్భస్థ పిండం చర్మంలోనే ఉంది.

కుదురు పడేదిలా: మూడో నెలలో పిండం కనుబొమలు, పైపెదవి, గడ్డం వద్ద వెంట్రుకల కుదుళ్లు మొదలవుతాయి. చర్మంలోని పై పొర, కింది పొర కణాలు పరస్పరం సంకేతాలు పంపుకుంటాయి. 'వింట్' జన్యువులు కుదురు వేయమని సంకేతమిస్తాయి. 'బీఎంపీ' ప్రొటీన్లు పక్కనే మరొకటి పడకుండా అడ్డుకుంటాయి. అందువల్లనే నాటిన నారు మాదిరిగా కుదుళ్ల నడుమ ఎడం ఏర్పడుతుంది. 'ఈడీఏ' ప్రొటీన్ ఆ మొలకను బలపరుస్తుంది. పిదప 'సోనిక్ హెడ్జ్‌హాగ్' జన్యువు దానిని లోతుకు దించుతుంది. పంటి మొలకలకు, స్వేద గ్రంథులకు సైతం ఈడీఏ అవసరమే. అది లోపిస్తే మూడూ కుంటుపడతాయి.

కుమారులకే అధికం: సింధ్ ప్రాంతంలోని ఒక కుటుంబంలో నాలుగు తరాలలో పది మంది పురుషులకు ఈ లక్షణాలున్నట్లు 1875లో డార్విన్ నమోదు చేశారు. కుమార్తెలకు సోకకపోయినా, వారి కుమారులకు సంక్రమించిందని పేర్కొన్నారు. ఈడీఏ జన్యువును 1996లో గుర్తించారు. అది ఎక్స్ క్రోమోజోముపై ఉండటమే ఇందుకు కారణం. మగవారికి ఆ క్రోమోజోము ఒక్కటే ఉంటుంది. స్త్రీలలో రెండోది కొంత ఆదుకుంటుంది.

గడువు దాటితే ఫలితం లేదు: లోపించిన ప్రొటీన్‌ను పుట్టిన తరువాత శిశువులకు ఇచ్చిన ప్రయత్నాలు ఫలించలేదు. అప్పటికే గ్రంథులు ఏర్పడే గడువు ముగుస్తుంది. జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు దానిని గర్భంలోని ఉమ్మనీటిలోకి ఎక్కించారు. కవలలతో సహా ముగ్గురు శిశువులకు చెమట పట్టినట్లు 2018లో వెల్లడించారు. ఈ చికిత్స ఇంకా పరీక్షల దశలోనే ఉంది.

తల్లిదండ్రులకు సూచన: చెమట లేకుండా పదేపదే ఒళ్లు వేడెక్కే శిశువును పిల్లల వైద్యునికి చూపాలి. తడిగుడ్డతో తుడవడం, నీడపట్టున ఉంచడం, వయసును బట్టి తల్లిపాలు లేదా నీరు తరచుగా పట్టడం ప్రాణరక్షణ చర్యలు. తల్లి వైపు మేనమామలకు ఈ లక్షణాలుంటే, మరో కాన్పుకు ముందే జన్యు సలహా పొందడం మేలు.